ఎలుకలకు నేను కట్టించిన ఇల్లు

నా జీవితంలో నేను కట్టించిన మొదటి ఇల్లు ఎలుకలది. నాకంటూ సొంత ఇల్లు ఇప్పటికీ లేదు, అది వేరే సంగతి. వాటికి మాత్రం ఇనుముతో, చక్రాలతో, అద్దాల గదితో, ఆరు నెలల భోజనంతో సహా ఏర్పాటు చేశాను. పాపం అవి అర్జీ కూడా పెట్టుకోలేదు. ఈ పుణ్యకార్యం వల్ల మా తిరువూరు చుట్టుపక్కల నా పేరు ఎలా మోగిందో, ఒక పెద్దావిడ మూడెకరాల పంట ఎలా వాన నోట్లోకి పోబోయిందో చెబుతాను. నవ్వుకోండి, అభ్యంతరం లేదు. ఎ.కొండూరు వైపు వాళ్ళు ఎప్పుడో నవ్వేశారు.

అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు. చేతిలో మెకానికల్ డిప్లొమా. ఈ రెండూ ఒకచోట చేరిన మనిషికి ఇంకొకరి మాట వినపడదు. ఆ ఊపులోనే పాత వరికోత మిషను ఒకటి కొన్నాను. మిషనుతోపాటు దాని డ్రైవరు కోటయ్య బాబాయి కూడా నా దగ్గరికి వచ్చేశాడు. పదేళ్ళుగా ఆ మిషను నడుపుతున్నవాడు. ఐదో తరగతితో చదువు మానేసినవాడు. ఇంజను దగ్గర చెవి పెట్టి, "దీనికి జలుబు చేసిందండీ" అనేవాడు. విప్పి చూస్తే నిజంగానే గాలి ఫిల్టరు మూసుకుపోయి ఉండేది. డిప్లొమా ఉన్న నాకు వినపడని జలుబు ఆయనకు వినపడటం నాకు అంతగా నచ్చేది కాదు.

రెండో పంట కోతలు ఏప్రిల్‌లో అయిపోయాయి. మళ్ళీ నవంబరు దాకా మిషనుకి పని ఉండదు. మా మామిడితోటలో రేకుల షెడ్డు ఉంది, అందులో పెట్టేయాలి. కోటయ్య బాబాయి కూతురి పురిటికి గంపలగూడెం వెళ్తూ, సంచి భుజాన వేసుకుని నా దగ్గర ఆగాడు.

"అబ్బాయిగారూ, షెడ్డులో పెట్టేముందు అరగంటసేపు ఉత్తినే తిప్పండి. లోపల ఇరుక్కున్న గింజంతా కక్కేస్తుంది. తర్వాత కిందున్న ఐదు తలుపులూ తీసి, చీపురుతో శుభ్రంగా ఊడ్చి, ఆ తలుపులు అట్లాగే తెరిచి ఉంచండి."

"తెరిచి ఉంచితే ఎలుకలు దూరవా బాబాయ్?"

"వెలుతురూ గాలీ ఆడేచోట ఎలుక కాపురం పెట్టదండీ. దానికి చీకటి కావాలి, తిండి కావాలి, మెత్తటి గుడ్డ కావాలి. ఈ మూడూ లేకపోతే ఒకసారి వచ్చి చూసి, దాని దారిన అది పోద్ది."

చీకటి, తిండి, మెత్తటి గుడ్డ. పాఠకులు దయచేసి ఈ మూడూ గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

ఆయన బస్సెక్కాక నా డిప్లొమాతో సంప్రదించాను. దొంగలొస్తారని భయపడేవాడు తలుపులు మూసుకుంటాడా, తీసి పెట్టుకుంటాడా? మూసుకుంటాడు. కాబట్టి ఎలుకలకైనా అంతే. ఇంతటి తర్కం తట్టినందుకు నన్ను నేనే మెచ్చుకుని, చీపురు తీసుకుని మిషను ఎక్కాను. ధాన్యం ట్యాంకు అడుగున ఓ నాలుగు దోసిళ్ళ వడ్లున్నాయి. ఊడ్చబోతుంటే కిందనుంచి మా అమ్మ కేక వేసింది.

"ఒరేయ్ ప్రసాదూ! అడుగు ఊడుస్తున్నావా ఏంటి?"

"అవునమ్మా."

"దిగు ముందు! గాదె అడుగు ఎవరైనా ఊడుస్తార్రా? లక్ష్మి అలిగి వెళ్ళిపోదూ? మీ నాయనమ్మ బతికున్నన్నాళ్ళూ మన గాదెలో కుంచెడు గింజలైనా మిగలకుండా ఏనాడూ లేదు."

"అమ్మా, ఇది గాదె కాదు. మిషను."

"ధాన్యం పడుతుందా లేదా?"

"పడుతుంది."

"అయితే గాదే."

ఈ వాదనకు ఏ కాలేజీలోనూ జవాబు చెప్పరు. మా ఇళ్ళలో బియ్యం డబ్బా అయినా, వడ్ల గాదె అయినా పూర్తిగా ఖాళీ చేయరు. గుప్పెడైనా వదిలేస్తారు. అమ్మ ఆ గుప్పెడు వడ్లతోనే సంతృప్తి పడేది. నేనే ఊరుకోలేదు. అమ్మ ఆచారంలో సైన్సు వెతకడం మొదలుపెట్టాను. ఉప్పు డబ్బాలో నాలుగు బియ్యపు గింజలు ఎందుకు వేస్తారు? తేమ పీల్చుకోవడానికి. వానాకాలంలో మిషనుకి తుప్పు ఎందుకు పడుతుంది? తేమ వల్ల. అంటే ట్యాంకులో వడ్లుంటే తుప్పు పట్టదన్నమాట! ఉప్పు డబ్బా సైజుకి నాలుగు గింజలైతే, మిషను సైజుకి ఎంత కావాలి? లెక్క వేశాను. నిండు బస్తా వచ్చింది. ఇంట్లోంచి బస్తా మోసుకొచ్చి ట్యాంకులో గుమ్మరించాను. లక్ష్మి అలగదు, ఇనుము తుప్పు పట్టదు. అమ్మ మొహం వెలిగిపోయింది.

"చదువుకున్నవాడికి చెబితే ఎంత బాగా అర్థమవుతుందో!" అంది.

ఇక తలుపులు. కిందవి ఐదూ బిగించాను. ఎక్కడ కన్నం కనబడితే అక్కడ గోనెసంచి కుక్కాను. సంచులు అయిపోతే బీరువా అడుగునున్న పాత నూలు చీరలు తెచ్చి చింపి కుక్కాను. గాలి గొట్టం, పొగ గొట్టం, ధాన్యం పోసే గొట్టం, దేన్నీ వదల్లేదు. పైనుంచి నల్ల బరకం కప్పి తాళ్ళు కట్టాను. అంతా అయ్యాక నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకుని ఫోటో తీసి కోటయ్య బాబాయికి పంపాను. ఆయన దగ్గరున్నది బటన్ల ఫోను. ఆ ఫోటో ఎక్కడికి పోయిందో నాకు ఇప్పటికీ తెలియదు.

చూశారుగా. చీకటి పెట్టాను, తిండి పెట్టాను, మెత్తటి గుడ్డ కూడా పెట్టాను. ఇక మంగళస్నానాలు చేయించి గృహప్రవేశం జరిపించడం ఒక్కటే తక్కువ.

అది కూడా జరిగింది. అమ్మ ప్రతి శుక్రవారం షెడ్డుకొచ్చి మిషనుకి బొట్టు పెట్టి, అగరొత్తి వెలిగించి, ఒక బెల్లం ముక్క పెట్టి వెళ్ళేది. మర్నాటికి బెల్లం ఉండేది కాదు. "అమ్మవారు స్వీకరించింది" అనేది అమ్మ. చీమలంటాను నేను. ఇద్దరిదీ తప్పే.

ఆషాఢం వచ్చేసరికి మిషను లోపలనుంచి చప్పుళ్ళు మొదలయ్యాయి. అమ్మే ముందు వింది.

"ఏంట్రా లోపల గరగరమంటోంది?"

"ఎండకి ఇనుము సాగుతుందమ్మా. సాయంత్రానికి చల్లబడి ముడుచుకుంటుంది. అప్పుడు చప్పుడొస్తుంది. ఇది మాకు రెండో ఏడాదిలోనే చెప్పారు."

"ఇనుము కిచకిచమంటుందా?"

"పాత ఇనుము కదమ్మా."

ఎలుక తోలు ఏడాది ఉతికినా నలుపు నలుపే. నా బుర్రకి మూడేళ్ళు చదువు చెప్పారు, అదీ అంతే.

ఇప్పుడు సుగుణ టీచరు గురించి చెప్పాలి. నాకు ఆరు నుంచి పది దాకా లెక్కలు చెప్పింది ఆవిడే. రిటైరయ్యాక ఎ.కొండూరు దగ్గర తన మూడెకరాల్లో తనే వ్యవసాయం చేసుకునేది. తెల్ల చీర, చేతిలో గొడుగు. ఆదివారం చర్చికి వెళ్ళేది, మిగతా ఆరు రోజులూ పొలం గట్టు మీదే. ఆ ఏడు మొదట వేసిన నాట్లు వరదకి కొట్టుకుపోతే, దాచుకున్న పెన్షను డబ్బుతో మళ్ళీ నారు కొని రెండోసారి నాటించింది. మళ్ళీ పోతే మూడోసారి నాటడానికి ఆవిడ దగ్గర ఇంకేమీ లేదు. ఈ సంగతి నాకు బాగా తెలుసు. తెలిసి కూడా ఏం చేశానో చూడండి.

నవంబరు చివర్లో ఫోను చేసింది.

"ఏరా ప్రసాదూ, బంగాళాఖాతంలో వాయుగుండం అంటున్నారు. ఎల్లుండి సాయంత్రానికి వానంట. నా పొలం కోతకొచ్చింది. వేరే మిషను వాళ్ళు రేపు వస్తామంటున్నారు. నీకు మాటిచ్చాను కాబట్టి అడుగుతున్నాను. నీ మిషను సిద్ధంగా ఉందా?"

"టీచర్, మీరు వాళ్ళని పంపించేయండి. మనది తాళం తిప్పడమే ఆలస్యం."

"చూసే చెబుతున్నావా?"

"చూసే చెబుతున్నాను టీచర్."

ఆరు నెలలుగా బరకం కూడా విప్పలేదు. లెక్కల టీచరుకి జవాబు ముందే రాసి, లెక్క తర్వాత చేయడం నాకు పదో తరగతి నుంచీ అలవాటు.

అదే రోజు పొద్దున కోటయ్య బాబాయి గంపలగూడెం నుంచి దిగాడు. మనవరాలి ముచ్చట్లు చెబుతూ షెడ్డులోకి వచ్చి, గోనెసంచులు కుక్కిన మిషనును చూసి, మాట మధ్యలో ఆపేశాడు.

"ఇదేంటండీ?"

"సీలు చేశాను బాబాయ్."

ఆయన సీటెక్కి తాళం తిప్పాడు. మిషను ఉలకలేదు, పలకలేదు. కనీసం దగ్గనైనా దగ్గలేదు. ఇంజను మూత ఎత్తాడు. లోపల వైర్లుండాల్సిన చోట రాగి తీగలు మాత్రం మెరుస్తున్నాయి. పైనున్న రబ్బరంతా మాయం. తిన్నింటి వాసాలు లెక్కపెట్టే మనుషుల్ని చూశాం. ఇవి వాసాలు లెక్కపెట్టి, నచ్చినవి తినేశాయి కూడా. గాలి ఫిల్టరు డబ్బా విప్పితే అందులో గడ్డి, దూది, చీర పేలికలతో గుండ్రటి గూడు. ఆ గూట్లోంచి ఒక తల్లి ఎలుక తలెత్తి మమ్మల్ని చూసింది. తలుపు కొట్టకుండా లోపలికి వచ్చినవాళ్ళని ఇంటావిడ చూసే చూపది.

"ఎన్నుంటాయి బాబాయ్?"

"జనాభా లెక్కలవాళ్ళని పిలిపించండి."

"పొగ పెడదామా?"

"ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టవుద్ది. లోపలంతా ఎండుగడ్డండీ. మిషను కూడా పోద్ది."

అమ్మ పరుగెత్తుకొచ్చి ఇంకో అడ్డుపుల్ల వేసింది. "మందు గిందు పెట్టేరు! వినాయకుడి వాహనం. తరిమేయండి, చంపొద్దు." అని, నెమలి ఊళ్ళోని వేణుగోపాలస్వామికి కొబ్బరికాయ మొక్కుకుంది. లక్ష్మి కోసం పెట్టిన వడ్లు వినాయకుడి వాహనం తిన్నందుకు వేణుగోపాలస్వామికి మొక్కు. దేవుళ్ళ మధ్య ఇన్ని ఇబ్బందులు తెచ్చిపెట్టిన మెకానికల్ డిప్లొమా ఇంకొకటి ఉండదు.

కోటయ్య బాబాయి వైర్లకీ బెల్టులకీ విజయవాడ బస్సెక్కుతూ ఒక్కటే చెప్పాడు. "నేను వచ్చేలోగా కిందున్న ఐదు తలుపులూ విప్పి లోపలంతా దులిపెయ్యండి. ఐదూ! మర్చిపోకండి."

ట్యాంకులో మిగిలిన ఊకంతా ఎత్తిపోశాను. బస్తాలో గింజ మిగల్లేదు లెండి. గూళ్ళు కనబడినచోటల్లా కర్రతో లాగేశాను. ఎలుకలు అటొకటి ఇటొకటి మామిడిచెట్ల మధ్యకి దూకి పోయాయి. కింద తలుపులు రెండు విప్పాను. మూడోదాని బోల్టు తుప్పు పట్టి తిరగలేదు. అన్ని వడ్లు పోసినా తుప్పు ఎలా పట్టిందో చూడండి! నాలుగూ ఐదూ బురదలో పడుకుని విప్పాలి. కొత్త చొక్కా వేసుకున్నాను. స్పానరుతో మూడో తలుపు మీద మూడుసార్లు కొట్టి చెవి పెట్టాను, కోటయ్య బాబాయిలాగే. చప్పుడు లేదు. ఖాళీ అని తేల్చాను. ఇప్పుడు తెలుస్తోంది, మనం తలుపు కొడితే లోపలివాళ్ళు ఊపిరి బిగబట్టడం ఎలుకల్లోనూ ఉన్న అలవాటేనని.

మధ్యాహ్నం దాటాక బాబాయి తిరిగొచ్చాడు.

"అన్నీ విప్పారా?"

"విప్పాను."

రెండే అయినా, విప్పినవన్నీ విప్పినట్టే కదా అని ఆ క్షణంలో అనిపించింది.

చీకటి పడేలోగా వైర్లు కలిపాడు, ఫిల్టరు మార్చాడు, తాళం తిప్పాడు. మిషను లేచింది. నేను అందరికీ ఫోన్లు చేశాను. తెల్లారేసరికి ఎ.కొండూరు రోడ్డు మీద మిషను ముందు నా మోటారుసైకిలు, పెళ్ళికొడుకు కారు ముందు మేళంలాగ.

గట్టు మీద సుగుణ టీచరు గొడుగేసుకుని నిలబడి ఉంది. తూర్పున మబ్బు పట్టింది. నా బండి వెనక కూర్చుని వచ్చిన అమ్మ కొబ్బరికాయ కొట్టింది. టీచరు కళ్ళు మూసుకుని తన ప్రార్థన తను చేసుకుంది. కోటయ్య బాబాయి మిషను పొలంలోకి దించాడు. ఇరవై గజాలు కోసింది. అబ్బా, ఎంత చక్కగా కోసిందో! నేను టీచరు వైపు చూసి మీసం దువ్వాను.

"ట్యాంకులో ఏం పడిందో చూద్దాం, ఒకసారి పోయించరా. గింజ తేమ చూసుకోవాలి," అంది టీచరు.

గట్టు మీద పరిచిన బరకం పైకి ధాన్యం గొట్టం తిప్పాం. కోటయ్య బాబాయి మీట లాగాడు. లోపల ఏదో గుటుక్కుమంది. ముందు గొట్టంలోంచి ఒక ఎలుక వచ్చింది. టీచరు ముందు పడి, లేచి, ఎటు పోవాలో ఆలోచించుకుని పోయింది. తర్వాత ఒకేసారి ఏడో ఎనిమిదో. వాటి వెనకాల పరుపులు, దూది, గోనె పీచు. ఆ వెనక ఒక నీలం గుడ్డ, మూరకి మూర, ఆగకుండా వస్తూనే ఉంది.

"అది నా నీలం చీర!" అంది అమ్మ. "మీ పిన్ని పెట్టింది! మూడు నెలలుగా వెతుకుతున్నా!"

"పాతవాటిలో ఉందమ్మా..."

"ఒక్కసారే కట్టాన్రా!"

చీర చివర్న ఓ గుప్పెడు వడ్లు పడ్డాయి. సుగుణ టీచరు వంగి చూసి నెమ్మదిగా అంది. "ఏరా, ఈ పంట నేను వేసింది కాదే."

ఆ మాట పూర్తయిందో లేదో, మిషను లోపల టప్పుమని బెల్టు తెగింది. దానితోపాటు గింజ మోసే గొలుసు కూడా. ఎవరూ విప్పని ఆ మూడు తలుపుల వెనక, ఎలుకలు ఆరు నెలలుగా కట్టుకున్న ఊరు ఊరంతా గొలుసులో ఇరుక్కుంది. కోటయ్య బాబాయి ఇంజను ఆపి, కిందికి దిగి, మూడో తలుపు దగ్గర వంగి తుప్పు పట్టిన బోల్టును చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. రెండు వేళ్ళు చూపించాడు. తిట్టి ఉంటే బాగుండేది.

కొండను తవ్వి ఎలుకను పట్టేవాళ్ళ గురించి విన్నాం. నేను ఎలుకలను తవ్వితే బయటపడింది నా అబద్ధం. టీచరు తూర్పున మబ్బు చూసింది, నిలబడి ఉన్న వరిని చూసింది. వంగి ఒక కంకి తుంచి అరచేతిలో పెట్టుకుంది. ఇంతవరకూ నవ్వుతూ చెప్పాను గానీ, ఆ కంకి చూసినప్పుడు నాకు నిజంగా సిగ్గేసింది. మూడోసారి నాటడానికి ఆవిడ దగ్గర ఏమీ లేదని చెప్పాను కదా.

టీచరు మాత్రం ఒక్క నిమిషంలో తేరుకుంది. ఫోను తీసి వరసగా చేసింది. "సువార్తమ్మా, కొడవలి తీసుకుని రా. ఏసోబూ, నీ ఇంటివాళ్ళనీ తీసుకురా." అరగంటలో పాతికమంది వచ్చారు. చర్చివాళ్ళు, ఇరుగుపొరుగు రైతులు, అందులో సగం మంది ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళే. ఎక్కాలు రాక దెబ్బలు తిన్నవాళ్ళంతా ఏ కోపమూ పెట్టుకోకుండా వచ్చారు. టీచరు ఒక కొడవలి నా చేతిలో పెట్టింది.

"నాకు రాదు టీచర్."

"పక్కవాడిని చూసి నేర్చుకో. పరీక్షల్లో చేసేవాడివిగా."

ఆ రోజంతా కోశాం, మర్నాడూ కోశాం. నేను ఒక వరస కోసేలోగా సువార్తమ్మ మూడు వరసలు కోసి, వెనక్కి వచ్చి నా వరసలో కూడా కాస్త కోసి పెట్టేది. వాయుగుండం నుంచి మొదటి చినుకు పడేసరికి పనలన్నీ కట్టి, కుప్ప వేసి, బరకాలు కప్పేశాం. ఒక మూల పావు ఎకరం మాత్రం అందలేదు. అది వానకి పడిపోయింది.

టీచరు ఆ మూల చూపించి, "అది నీకొచ్చిన మార్కులు," అంది.

నష్టం కట్టిస్తానన్నాను. వద్దంది. "నీకు తెలిసిన శిక్షే వేస్తాను. 'మిషనులో గింజ ఉంచను, విప్పని తలుపు విప్పానని చెప్పను' అని వందసార్లు రాసుకురా."

"టీచర్, నాకు పెళ్ళిచూపులు కూడా అయ్యాయి."

"అయితే గుండ్రంగా రాయి."

కొత్త నోటుబుక్కు కొని రాశాను. ఇంట్లో అమ్మ చూసి, "ఏం రాస్తున్నావురా?" అంటే, "లెక్కలు" అన్నాను. టీచరు పేజీ పేజీ తిప్పి, రెండుచోట్ల ఒత్తులు దిద్ది, అట్ట మీద ఎర్ర ఇంకుతో సంతకం పెట్టి ఇచ్చింది. "దీన్ని మిషను పనిముట్ల పెట్టెలోనే ఉంచు. పెట్టె తీసినప్పుడల్లా కనబడాలి," అంది.

మరుసటి ఏప్రిల్‌లో అంతా కోటయ్య బాబాయి చెప్పినట్టే చేశాను. అరగంట ఉత్తినే తిప్పాను. బురదలో పడుకుని ఐదు తలుపులూ విప్పాను. ఒక్క గింజ మిగలకుండా ఊడ్చాను. అమ్మ రెండు రోజులు అలిగి, చివరికి ఆ గుప్పెడు గింజలూ దేవుడి గూట్లో పెట్టుకుని రాజీపడింది. నవంబరులో తాళం తిప్పితే మొదటిసారికే లేచింది. లోపల ఒక్క వైరు కొరకలేదు. కోటయ్య బాబాయి నన్ను చూసి నవ్వాడు. ఏడాదిలో అదే మొదటిసారి. ఆ సంతోషంలో స్పానరు కోసం పనిముట్ల పెట్టె మూత ఎత్తాను.

ఆ పెట్టె ఒక్కటే మూసి ఉంచాను. లోపల చీకటి. స్పానర్ల మధ్య మెత్తగా, గుండ్రంగా ఒక గూడు. అందులో పిల్లలు అయిదు. గూట్లో చిరిగిన కాగితం ముక్క మీద నా గుండ్రటి చేతిరాత, "గింజ ఉంచను" దాకా ఉంది.

మిగిలింది పట్టుకుని టీచరు దగ్గరికి వెళ్ళాను.

"వందలో ఎన్ని మిగిలాయిరా?"

"ఒక్కటి, అది కూడా సగమే టీచర్. అట్ట మాత్రం ఉంది."

టీచరు అట్ట తిప్పి తన ఎర్ర సంతకం చూసుకుంది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "కాగితం కూడా తింటాయని నాకు తోచలేదు. ఇది నా తప్పు," అని, పక్కనున్న పెన్ను తీసుకుని, "వందసార్లు నేను రాయాలి. నువ్వు దిద్దు," అంది. ఇద్దరం ఎంతసేపు నవ్వామో తెలియదు.

అందుకని మళ్ళీ కొత్తగా ప్రమాణం చేస్తున్నాను, మీ అందరి సాక్షిగా, ఎడమ చెయ్యి స్పానరు మీద పెట్టి: డిప్లొమా ప్రసాదు అనబడే నేను ఇకమీదట మిషనులో గింజ గానీ, గుడ్డ గానీ, కాగితం గానీ, అమ్మ చీర గానీ ఉంచను. రెండిటిని ఐదని చెప్పను. ఇనుము కిచకిచమంటే అది ఇనుము కాదని ఒప్పుకుంటాను. ఇంతకు ముందు చేసిన ప్రమాణాన్ని ఎలుకలు తినేశాయి, ఇది ఒక్కటే మిగిలింది. కాబట్టి చదవడం అయ్యాక ఈ పుస్తకాన్ని కొంచెం ఎత్తుగా, వెలుతురు తగిలేచోట పెట్టండి.